కొలతమనిషి

కొలరాడో నది లోయలో సర్వేవాళ్ళు ఫొటో తీసిన చోటల్లా ఎబెన్ ప్రాట్ నిలబడి ఉంటాడు. కొండ ఎంత ఎత్తో తెలియాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి కదా. ఆ మనిషి అతనే. కెమెరాలోని గాజుపలక మీద బొమ్మ పడేలోగా కదిలిందేదైనా పొగమంచులా అలుక్కుపోతుంది. అందుకే ముక్కు మీద ఈగ వాలినా ఎబెన్ కదలడు. "మా అన్నని బండనుకుని ఏదో ఒక రోజు గద్ద గూడు పెట్టేస్తుంది," అని నవ్వేవాడు పడవ నడిపే తమ్ముడు ఆసా.

ఓ రోజు ఎబెన్ ఫొటోకి బండ మీద నిలబడి ఉండగానే, ఎగువ సుడుల నుంచి ఆసా పడవకు బదులు విరిగిన తెడ్డూ, ఆసా టోపీ కొట్టుకొచ్చాయి. ఎబెన్ నీళ్ళలోకి దూకేశాడు. చీకటిపడేదాకా అందరూ వెతికినా ఆసా దొరకలేదు.

మర్నాడు ఎబెన్ తనే ఫొటోగ్రాఫర్ దగ్గరికి వచ్చాడు. "నిన్నటి పలక పాడైంది కదూ, లూథర్? ఇంకోటి పెట్టు."

"ఇవాళ వద్దులే అన్నా."

"నేను కాకపోతే ఆ కొండకి ఎవడు నిలబడతాడురా?"

తమ్ముడి టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. కదల్లేదు. ఫొటోలో కొండ పడింది, మనిషి పడ్డాడు, టోపీ అంచు కూడా పడింది. నది మాత్రం, క్షణం నిలవనిది కనక, ఒట్టి పొగమంచైపోయింది.