ఫోన్ కంపెనీ నా అభిప్రాయం అడిగింది

ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుకుంటున్నాను. ఎడమ చేత్తో ఫోన్ తీసి చూశాను. మా మొబైల్ నెట్‌వర్క్ వాళ్లు కొత్త సదుపాయం ఒకటి తెస్తున్నారట. దాన్ని జనంలోకి వదిలే ముందు పరీక్షించడానికి కొంతమంది ప్రత్యేక వినియోగదారులను ఎంపిక చేశారట. అందులో నేనొకణ్ణి. "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని చివర ఉంది. ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, చెయ్యి కడుక్కోకుండానే బొటనవేలితో "సరే" నొక్కాను.

ఎందుకంత తొందరపడ్డానో చెప్పాలి. పటాన్‌చెరులో నీళ్ల పంపుల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను ఇరవై ఏళ్లుగా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. పోతపోసి వచ్చిన ప్రతి ముక్కనూ తిప్పి చూసి, కొలిచి, లోపముంటే ఎర్ర రంగు పూసి పక్కన పడేయడం నా పని. అక్కడ నా మాటకు ఎదురు లేదు. బీరంగూడలో మా ఇంటి గడప దాటి లోపలికొస్తే మాత్రం, కర్టెన్లు ఏ రంగువి కొనాలో కూడా నన్నెవరూ అడగరు. నా భార్య, కూతురు మాట్లాడుకుని నిర్ణయించేసి, మోసుకురావడానికి నన్ను పిలుస్తారు. అలాంటివాణ్ణి పట్టుకుని అంత పెద్ద కంపెనీ అభిప్రాయం చెప్పమంటే, ఒళ్లు తెలియలేదు.

వారం తిరక్కుండా ఇంటికి ఒక తెల్లటి పెట్టె వచ్చింది. మా సందులో రెండు వైపులా అపార్ట్‌మెంట్లు లేచాక ఫోన్ సిగ్నల్ సన్నబడిపోయింది. ఈ పెట్టె గోడకు తగిలిస్తే, టవర్‌తో పని లేకుండా ఫోన్లన్నీ దాని ద్వారానే మాట్లాడతాయట. ఆర్నెల్లు వాడి, వారం వారం ఒక యాప్‌లో రిపోర్టు రాయాలి. ఒకే పెట్టె కింద ఇరుగుపొరుగు కూడా చేరితే పరీక్ష ఇంకా బాగా జరుగుతుందని కాగితంలో ఉంది.

ఇరుగుపొరుగు అంటే మాకు కింది వాటాలో ఉండే అక్క. కొండాపూర్ మండలంలోని పల్లెటూరి మనిషి. ఆమె భర్త ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళతాడు. ఆమె ఇంట్లోనే జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల వాళ్లు పొద్దున ఫోన్ చేసి ఎన్ని కావాలో చెబితే, మధ్యాహ్నానికల్లా పల్చగా, మెత్తగా కాల్చి పంపిస్తుంది. రాతకోతలు ఆమెకు పడవు. ఆర్డర్లన్నీ నోటిమాటే.

"నా ఫోన్ మంచిగనే మోగుతుంది గద తమ్మీ. మంచిగున్నదాన్ని ఎందుకు గెలుకుడు?" అంది అక్క.

నేను మెట్ల మీద కూర్చుని ఆమెకు సాంకేతిక విజ్ఞానం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అందులో సగం నాకే తెలియదు. ఆమె పిండి చేతులతో నిలబడి ఓపికగా విని, "ఏమో, నువ్వు చదువుకున్నోనివి. నువ్వున్నవ్ గదా," అని ఫోన్ నా చేతికిచ్చింది. ఆమె నంబరు, నాదీ, నా భార్యదీ, మూడు నంబర్లూ అదే రోజు పరీక్షలో చేర్చేశాను. నిలువునా సిగ్నల్ గీతలు నిండుగా లేచాయి. అక్క ముందు నేను మీసం దువ్వుకోవడం ఒక్కటే తక్కువ.

మొదటి వారం అంతా బాగుంది. మరీ బాగుందని రాయడానికి మనసొప్పలేదు. లోపం పట్టని ఇన్‌స్పెక్టర్ ఉంటేనేం, లేకపోతేనేం? పెట్టె మీద పచ్చ దీపం మరీ కాంతిగా ఉందనీ, కాగితం మీద రెండు అచ్చుతప్పులున్నాయనీ ఒక పేజీ రాసి పంపాను.

మూడో వారంలో నా భార్య వంటింట్లోంచి వచ్చి నా ముందు నిలబడింది.

"ఏమండీ, మా అక్క నాలుగు రోజుల నుంచి ఫోన్ చేస్తుంటే ఈ నంబరు వాడుకలో లేదని వస్తోందట. నంబరు మార్చుకుని తనకు చెప్పలేదని అలిగి కూర్చుంది. ఇప్పుడే నేను చేస్తే తెలిసింది."

"అలా ఎందుకు వస్తుంది? ఫోన్ నిండా సిగ్నల్ ఉంది కదా," అన్నాను. వెంటనే పరీక్ష మొదలుపెట్టాను. ఆమెను వరండాలో నిలబెట్టి, నేను డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కకెళ్లి ఫోన్ చేశాను. మోగింది. గేటు దగ్గర నుంచి చేశాను. మోగింది. సందు చివర చెరుకురసం బండి దగ్గర నుంచి చేస్తే అక్కడా మోగింది. "ఒకటి, రెండు, మూడు అను, స్పష్టంగా వినిపిస్తోందో లేదో చూడాలి," అన్నాను. పక్కింటివాళ్లు చూస్తుండగా ఆమె పళ్లు బిగించి మూడు దాకా లెక్కపెట్టింది. "మీ అక్కకే నంబరు నొక్కడం రాలేదు," అని తేల్చేశాను.

మర్నాడు ఫ్యాక్టరీలో నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయి, పక్క సెక్షన్ ఆయన ఫోన్ అడిగి ఇంటికి చేస్తే అసలు సంగతి తెలిసింది. ఈ నంబరు వాడుకలో లేదు. పరీక్షలో చేరిన ఫోన్లు ఒకదానికొకటి కలుస్తున్నాయి. మేము బయటికి చేసే కాల్స్ వెళుతున్నాయి. బయటివాళ్లు ఎవరు చేసినా లోపలికి రావడం లేదు. నేనేమో పరీక్షలో ఉన్న ఫోన్‌తో పరీక్షలో ఉన్న ఫోన్‌కే చేస్తూ అంతా సవ్యంగా ఉందని తీర్మానించాను. మా ఫ్యాక్టరీలో కుర్ర ఆపరేటర్ ఎవరైనా ఇలాంటి తనిఖీ చేస్తే నేను అరిచే అరుపు గేటు దాకా వినిపించేది.

నిజం చెప్పాలంటే నాకు బాధ కలగలేదు. సంతోషం కలిగింది. అసలైన లోపం దొరికింది! ఆ సాయంత్రం వేళలు, చోట్లు అన్నీ పట్టిక గీసి పెద్ద రిపోర్టు రాశాను. తరవాత ప్రతి రెండు రోజులకూ ఒకటి రాస్తూ పోయాను. ప్రతిదానికీ వెంటనే, "మీ మంచి మాటలకు ధన్యవాదాలు" అని జవాబు వచ్చేది. మర్యాదస్తులు అనుకున్నాను.

ఆదివారం పొద్దున అక్క పైకొచ్చింది. ఎప్పుడూ గడప దగ్గరే నిలబడి మాట్లాడే మనిషి, లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది.

"తమ్మీ, ఒక మాట అడుగుత, నిజం చెప్పాలె. నా రొట్టెలు మంచిగ లేవా ఏంది?"

"అదేంటక్కా?"

"పది దినాల సంది ఫోనే మోగుతలేదు. పిండి ముక్కిన వాసన వస్తున్నదేమో అని పిండి పట్టించే గిర్ని మార్చిన. జొన్నలు గూడ మార్చిన. రొట్టె మందమైతున్నదేమో అని ఈయనను తిని చెప్పుమంటే, మంచిగున్నయ్ అంటడు. ఆయన ఎప్పుడైనా గంతే అంటడు. నువ్వు చెప్పు."

ఆమె ఫోన్ కూడా ఆ పెట్టె కిందే ఉంది, దానికీ కాల్స్ రావు. ఆ సంగతి నాకు వారం ముందే తెలుసు. పట్టికలో ఆమె నంబరుకొక గడి కూడా గీశాను. కిందికి దిగి ఆ ముక్క ఆమెకు చెప్పాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

"లోపం మీ రొట్టెల్లో లేదక్కా, ఫోన్లో ఉంది. నేను కంపెనీకి రాశాను," అన్నాను.

"రాసినవ్ గని, వాళ్లు సదివిండ్రా?"

అంతవరకూ నాకు ఆ అనుమానం రాలేదు. నా భార్య అక్కకు మంచినీళ్లిచ్చి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. దానికంటే తిడితే నయం.

ఆ రోజే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది.

"సార్, మా రికార్డుల ప్రకారం మీరు ఈ సేవతో చాలా సంతోషంగా ఉన్నారు సార్."

"ఎవరు, నేనా?"

"అవును సార్. మీరే."

"లేదమ్మా! మా ఇంటికి ఫోన్లే రావడం లేదు. మూడు నంబర్లూ పరీక్షలోంచి తీసేయండి."

"తప్పకుండా సార్. నిర్ధారణ కోసం ఆ నంబర్లకు మా నుంచి కాల్ వస్తుంది. ఎత్తి ఒకటి నొక్కితే చాలు."

కాల్ రాదనే కదా చెబుతున్నది అన్నాను. వస్తుంది సార్ అంది. పెట్టె తీసి పక్కన పెట్టి చూశాను. అప్పుడు ఫోన్లు పూర్తిగా చచ్చిపోయాయి. నంబర్లు దానికే ముడిపడిపోయాయి, ఫోన్లు ఎక్కడికి తీసుకెళ్లినా బయటి కాల్స్ రావు. మర్నాడు సెలవు పెట్టి పటాన్‌చెరులో వాళ్ల దుకాణానికి వెళితే కౌంటర్ దగ్గర ఆయన కూడా ఆ ఒకటి నొక్కే కథే చెప్పాడు. పైగా కంప్యూటర్‌లో నా పేరు చూసి లేచి నిలబడి చెయ్యి కలిపాడు. "ఈ జిల్లాలో మీరే మా బెస్ట్ కస్టమర్ సార్. మీ ఇంటికే పెద్ద మేడమ్ వస్తున్నారు," అన్నాడు.

పెద్ద మేడమ్ అనగానే నా కోపం మంచులా కరిగిపోయింది. నా రిపోర్టులు పైదాకా వెళ్లాయన్నమాట! ఇంటికొచ్చి అన్నీ ప్రింటు తీయించి ఫైలు కట్టాను. ఆవిడ వచ్చే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు కూడా మెడలో వేసుకున్నాను. నా కూతురు చూసి, "ఇంట్లో ఎందుకు నాన్నా కార్డు?" అంది. నేను దాన్ని సరిచేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

మేడమ్‌కు ముప్పై ఏళ్లుంటాయేమో. వెంట కెమెరా, మూడు కాళ్ల స్టాండుతో ఒకాయన వచ్చాడు. పరీక్షకు కొలిచే పరికరం అనుకున్నాను. ఆయన మా హాల్లో కర్టెన్ తీసి వెలుతురు చూసి, నన్ను సోఫా మధ్యలో కూర్చోబెట్టాడు.

"రెండు నిమిషాలు చాలు సార్," అంది మేడమ్. "ఈ సేవ వచ్చాక మీ ఇంట్లో ఎంత సంతోషంగా ఉన్నారో మీ మాటల్లో చెప్పండి. మాకొచ్చిన ప్రశంసల్లో సగానికి సగం మీవే."

నేను ఫైలు తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ రెండు పేజీలు చదివేసరికి ముఖం మారిపోయింది. చేతిలోని ట్యాబ్‌లో ఏదో వెతికి నా వైపు తిప్పింది. నా రిపోర్టులే, తేదీలతో సహా. ప్రతిదాని నెత్తి మీదా ఒక మాట ఉంది: ప్రశంస.

యాప్ తెరవగానే పైన చిన్న గడిలో, రాసేది ఫిర్యాదా, సూచనా, ప్రశంసా అని ఎంచుకోవాలట. ఎంచుకోకపోతే దానంతట అది ప్రశంస కింద పడుతుంది. చత్వారం వల్ల నేను ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకున్నాను కదా, ఆ గడి తెర దాటి పైకి ఎగిరిపోయి నాకు కనబడనే లేదు. ఫిర్యాదులైతే మనుషులు చదువుతారు. ప్రశంసలకు యంత్రమే ధన్యవాదాలు చెబుతుంది. ఇరవై ఏళ్లలో తప్పు గడిలో టిక్కు పెట్టినందుకు నేను ఎంతమందిని ఏడిపించానో లెక్క లేదు.

నా భార్య చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. లోపల్నుంచి గ్లాసుల చప్పుడుతో పాటు నవ్వు వినిపించింది. అంతలో అక్క పైకొచ్చింది. ఎవరో పెద్దామె వచ్చిందని తెలిసి ఫోన్ పట్టుకొచ్చింది.

"అమ్మా, జెర ఈ నంబర్‌కు ఫోన్ కొట్టు," అంది మేడమ్‌తో.

మేడమ్ తన ఫోన్‌తో చేసి స్పీకర్ పెట్టింది. ఈ నంబరు వాడుకలో లేదని గంభీరమైన గొంతు చెప్పింది. అక్క చేతిలో ఫోన్ నిండా గీతలతో మెరుస్తూ మౌనంగా ఉంది.

"చూస్తివా? నేను ఈడ్నే నిలబడ్డ. అది నేను లేనంటున్నది," అంది అక్క. "రొట్టెలల్లనే ఏదో తప్పున్నదని నేను పరేషాన్ అయితి."

కెమెరా ఆయన మెల్లగా స్టాండు మడిచేశాడు. మేడమ్ అక్కకు దండం పెట్టి క్షమించమంది. మాతో కూడా దాపరికం లేకుండా చెప్పింది. ఇదే తంటా చాలా ఇళ్లల్లో వచ్చిందట. మిగతావాళ్లు విసుగొచ్చి వేరే కంపెనీకి మారిపోయారు. కూర్చుని రాసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఆ గడిలో ముందే ప్రశంస అని పెట్టింది మేమే సార్, అది మా తప్పు," అంది. నా కళ్లజోడు తప్పు కూడా ఉందన్నాను. ఆవిడ వద్దనలేదు. అక్కడే కూర్చుని ఎవరెవరికో ఫోన్లు చేసి, సాయంత్రానికి మూడు నంబర్లూ పరీక్షలోంచి తీయించింది. పోతూ పోతూ పెట్టె కూడా పట్టుకెళ్లింది.

అయితే పోయిన గిరాకీ ఫోన్ మోగినంత మాత్రాన తిరిగి రాదు. మర్నాడు అక్క ఫోన్లోని నంబర్లు చూసి, ఆమె వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. అక్క పక్కనే రొట్టెలు తడుతోంది.

"జొన్న రొట్టెల అక్క తరఫున చేస్తున్నానండీ. ఇన్నాళ్లూ ఫోన్ పాడైంది. తప్పు నాదే."

"మీరెవరు?" అని అందరూ అడిగారు. పైవాటాలో ఉంటానని చెప్పాను. కొందరు పాపం అని మళ్లీ ఆర్డరిచ్చారు. ఇద్దరు ముగ్గురు వేరేచోట కుదుర్చుకున్నామని ఫోన్ పెట్టేశారు. ఒకావిడ, ఈ రొట్టెలు ఆరోగ్యానికి మంచివేనా అని మొదలుపెట్టి నన్ను చాలాసేపు ప్రశ్నించింది. జవాబుల మధ్య నేను రొట్టె మందం ఎంతుంటుందో మిల్లీమీటర్లలో చెప్పబోతుంటే అక్క ఫోన్ లాక్కుంది.

సగం మందికి కొంచెం పైగా తిరిగొచ్చారు. నా భార్య వాళ్లక్క అలక తీరడానికి మాత్రం నేను స్వయంగా వెళ్లి, నంబరు నొక్కడం ఆమెకు వచ్చునని ఒప్పుకోవలసి వచ్చింది.

నెలయ్యాక అక్క రెండో సిమ్ కూడా తీసుకుంది. మెట్ల దగ్గర ఎదురైతే ఏ కంపెనీదని అడిగాను.

"చెప్పను," అంది. "చెప్తే మళ్ల దాన్ని గూడ పరీక్ష వెడ్తవ్."