చెవితో నడిచిన మనిషి

2006లో జెద్దాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. సీనియర్ అంటే కింద ఇద్దరు, పైన అందరూ. ఆ వేసవిలో నా వంతుకు వచ్చిన పేషెంటు వాల్టర్ గారు, డెబ్బై ఎనిమిదేళ్ల నల్లజాతి అమెరికన్. అక్కడ టీచరుగా ఉన్న కూతురిని చూడటానికి విజిట్ వీసా మీద వచ్చి, బాత్రూములో జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. నడిపించే పని నాది.

ఆయన ట్యాప్ డాన్సర్. బూటు అడుగున లోహపు రేకులు బిగించుకుని నేల మీద తాళం పలికించే నాట్యం అది. చిన్నప్పుడే స్టేజీ ఎక్కారట, సినిమాల్లోనూ ఆడారట. అయితే నల్లవాళ్ల నాట్యాన్ని కథతో సంబంధం లేకుండా తీసేవారట, నల్లవాళ్లను తెర మీద చూడటానికి ఒప్పుకోని వాళ్ల దక్షిణాది రాష్ట్రాల థియేటర్లలో ఆ ముక్క కత్తిరించుకోవడానికి వీలుగా. “సినిమాలో నేనున్నాను. మా అమ్మ ఊళ్లో ఆడిన సినిమాలో లేను,” అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం మామూలుగానే చెప్పారు. వేషాలు దొరకని ఏళ్లలో లిఫ్టు నడిపి, తర్వాత పిల్లలకు నాట్యం నేర్పడం మొదలుపెట్టారు, ఇప్పటికీ అదే పని. వీసా ఇంకా మూడు వారాలే ఉంది. చేతికర్రతో తిరిగి వెళితే ఆ క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

మా పద్ధతి ప్రకారం పేషెంటు రబ్బరు మ్యాట్ మీద, రబ్బరు బూట్లతో, ఎదుట అద్దం చూసుకుంటూ నడవాలి. ఈయన అద్దం వైపే చూడరు. తోలు బూట్లు కావాలని రోజూ అడుగుతారు. జారతారని నేను రోజూ కాదంటాను. వారం గడిచినా కుంటు తగ్గలేదు. విసుగొచ్చి కేసు షీటులో ‘పేషెంటు సహకరించడం లేదు’ అని రాసేశాను. అలా రాసుకుంటే రేపు మాట పడేది మనం కాదు.

మా టెక్నీషియన్ మస్తాన్ భాయ్‌ది రాయచోటి, వయసులో నాకంటే పెద్ద. షీటు చూసి నెమ్మదిగా అన్నాడు: “ఆయప్ప మన మాట ఇనక కాదు సార్. అడుగు సప్పుడు ఇనాలని చూస్తాండాడు. మ్యాట్ మీద సప్పుడే రాకపాయె, యాడ తప్పు పడతాందో ఆయప్పకెట్లా తెలుస్తాది?”

సిగ్గేసింది. ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టాను. ఆపరేషన్ చేసిన ఈజిప్షియన్ కన్సల్టెంటు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను: తోలు బూట్లు, పొడి టైల్స్ నేల, నడుముకు పట్టీ, చెరోపక్క ఒకరు. మధ్యాహ్నం జుహర్ నమాజు వేళ కారిడార్ నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి అప్పుడే మొదలుపెట్టాం. తన నమాజు కాసేపాగి చేసుకుంటానని మస్తాన్ భాయ్ మాతో ఉండిపోయాడు. వాల్టర్ గారు తోలు బూట్లతో ఆరడుగులు వేసి ఆగారు. “కుడికాలి మీద నేను నిలబడటం లేదు. అందుకే ఎడమది తొందరపడుతోంది,” అన్నారు. వారమంతా నేను చెబుతున్నదీ అదే. ఇప్పుడు ఆయనే విన్నారు, ఆయనే దిద్దుకున్నారు.

వీసా ముగిసే ముందు చివరి పరీక్షకు కన్సల్టెంటు గదిలోకి కర్ర లేకుండా నడిచి వెళ్లారు. కన్సల్టెంటు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. అడుగుల చప్పుడు విని ఎవరో స్టాఫ్ అనుకుని, పేషెంటును లోపలికి పంపమన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి కొత్త పేషెంటునూ, నొప్పి ఎక్కడ అని అడిగేముందు, ఇన్నాళ్లూ ఏం పని చేశారని అడిగాను.