మనవరాలి ర్యాప్ విన్నాక మా అక్క గురించి రాసిన కాగితం

మా మనవరాలు ర్యాప్ మొదలుపెట్టిందంటే ఇంట్లో ఎవరికీ స్థిమితం ఉండదు. ఫోనులో ఒకటే దబదబ. దాని మీద ఊపిరి తీసుకోకుండా తిట్టినట్టు మాటలు. డిగ్రీ చదివే పిల్లవి, పాటలే కావాలంటే చర్చిలో పాడుకోవచ్చు కదా అంటే వినదు.

ఆ వారం నాకు అసలే చికాకుగా ఉంది. మా అక్క పోయి ఏడాది కావస్తోంది. మాలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు పోయినవాళ్ల జీవితం గురించి ఎవరో ఒకరు కాగితం మీద రాసి చదువుతారు. ఈసారి నేనే రాస్తానన్నాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. మా అక్కకు అవీ రాలేదు. ఆమె గురించి ఈ లోకంలో కాగితం మీద ఉండబోయేది ఇదొక్కటే. అందులో ఆమె కనపడాలి.

రాశాను. "ఆమె సాత్వికురాలు, ప్రార్థనాపరురాలు, అందరితో ప్రేమగా మెలిగినది." ఎవరు పోయినా చదివే మాటలే అవి. రాత అంటే అలాగే ఉండాలనుకున్నాను. ఆలస్యంగా చదువు నేర్చినవాళ్లకు అచ్చులో ఉన్న మాట మీద ఉన్న నమ్మకం సొంత నోటి మీద ఉండదు.

మనవరాలికి చదివి వినిపించాను.

"ఎవరమ్మమ్మా ఈవిడ?" అంది.

"ఎవరేంటే? మా అక్క!"

"మిరప చేలో మేస్త్రీని తరిమి కొట్టిందే, ఆవిడా? సాత్వికురాలా?" అని పడీపడీ నవ్వింది.

"పోయినవాళ్ల గురించి అలాగే రాస్తారు. నీ కూతలకంటే నయమేలే."

"నా కూతలు విను ముందు. విన్నాక తిట్టు."

*చెయ్యెత్తితే చూశావు, చూసి గేరు మార్చావు,*
*దుమ్ము నాకు వదిలావు, ఫస్ట్ అవరు మింగావు!*

కాలేజీ వేళకు వచ్చే బస్సు మా స్టేజీలో ఆగదు. దాని మీద కట్టింది. సగం ఇంగ్లీషు, నాకు ఎక్కలేదు. రెండు చోట్ల తాళం తప్పింది కూడా. అయినా ఆ డ్రైవరు నాకు కనపడ్డాడు, ఒళ్లు మండింది. చాలా బాధ కలిగిందని ఆ పిల్ల ఎక్కడా అనలేదు. విరిగిన సిమెంటు బల్ల ఉంది, ఎత్తిన చెయ్యి ఉంది, దుమ్ము ఉంది. అతను ఎదురుగా నిలబడ్డట్టే "నువ్వు" అని నిలదీసింది. ఊపిరి అయిపోయిన చోట మాట ఆపింది. ఇన్నాళ్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా తట్టని సంగతి ఈ దబదబలో దొరకడమేమిటో!

విసుక్కుంటూనే మళ్లీ రాశాను.

"అక్కా, కాయలు కోసేటప్పుడు ఎవరి వరుస వాళ్లదే. నీ వరుస అందరికంటే ముందే అయిపోయేది. చంటిపిల్ల తల్లి వెనకబడితే, ఆమె వరుసలోకి అవతలి కొసనుంచి కోసుకుంటూ ఎదురొచ్చేదానివి. ఊరికే వచ్చేదానివా? గోరింటాకు పెట్టుకొచ్చావేంటే, చేతులు కదలవు అని చేనంతా వినపడేలా తిట్టేదానివి. నీ తిట్లు ఆగేసరికి ఆమె వరుస కూడా అయిపోయేది."

పాస్టరుగారు ముందే కాగితం చూసి, "తిట్లు తీసేద్దామమ్మా," అన్నారు.

"తీసేస్తే మా అక్క ఉండదండి."

ఆయన నిట్టూర్చి, త్వరగా కానివ్వమన్నారు.

కూడికలో చదువుతూ గోరింటాకు దగ్గరికి వచ్చానో లేదో, అక్కతో కూలికి వెళ్లిన ఒకామె చాప మీంచి లేచింది.

"గోరింటాకు కాదే! చేతులు అత్తారింట్లో పెట్టొచ్చావా అంది. అంది నన్నే!"

"నిన్ను కాదు, నన్ను!" అంది పక్కనున్నామె.

"నిన్ను ఇంకా ఘోరంగా అందిలే, ఇక్కడ చెప్పకూడదు!"

"చదవనివ్వండే!" అని అరిచాను. ఒక్కళ్లు వింటేనా? పాస్టరుగారు చెయ్యెత్తినా ఆగలేదు. అంత కష్టపడి రాసింది సగం నా చేతిలోనే ఉండిపోయింది. మా అక్కను తలా ఒక వైపు లాక్కుంటున్నారు, నాదంటే నాదని. బిరియానీ చల్లారిపోతోందని ఎవరో కేకేసేదాకా ఆ గొడవ తెమల్లేదు.