హార్ట్ టబ్బులో అన్నం

ఇంటర్నెట్‌లో దారి వెతికి, ఆ కాగితాలు ప్రింట్ తీసి, పక్క సీట్లో వాడి ఒళ్లో పెట్టి కారు నడిపే రోజులవి. బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగాలు చేసుకునే మా బ్రహ్మచారుల నిఘంటువులో ‘సూట్’ అనే మాటకి ఒకటే అర్థం: స్టవ్ ఉన్న గది. ఆఫీసు పని మీద మేం దిగిన ప్రతి సూట్‌లోనూ స్టవ్వు, సింకు, రెండు గిన్నెలు ఉండేవి మరి. అంతకు మించి ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని మాకెవరూ చెప్పలేదు (మేం అడగనూ లేదు).

అలాంటి రోజుల్లో, మా ఊరికి అయిదారు గంటల డ్రైవు దూరంలోని కాపెల్‌లో ఉన్న ఒక అమ్మాయితో నాకు పెళ్లిచూపులు కుదిరాయి. అక్కాబావల ఇంట్లో ఉంటూ ఉద్యోగం చేసేది. అప్పటికే ఫోన్‌లో కొన్నిసార్లు మాట్లాడుకున్నాం. ఆ గొంతు విన్నాక ఇంకెవరినీ చేసుకోకూడదని నేను లోలోపల తీర్మానించేసుకున్నాను. ఇక ఆ అమ్మాయి ఒప్పుకోవడమే మిగిలింది. చూపులు ఆదివారం పొద్దున. శనివారమే బయల్దేరి, దగ్గర్లో ఎక్కడైనా దిగి, ఇస్త్రీ చొక్కాతో ఫ్రెష్‌గా వెళ్లాలని నా ప్లాను. తోడుగా రూమ్మేటు వచ్చాడు. కరీంనగర్ వాడు. రైస్ కుక్కర్ లేకుండా గడప దాటడు కాబట్టి అందరం వాడిని ‘కుక్కర్’ అనే పిలిచేవాళ్లం. మోటల్ బుక్ చేసింది వాడే. పారడైజ్ సూట్ దొరికిందని, మస్తుగా వండుకోవచ్చని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ మా ఇద్దరినీ, వాడి చంకలోని సామానునీ మార్చి మార్చి చూసి, మొహమంతా నవ్వుతో కంగ్రాట్స్ చెప్పింది. పెళ్లిచూపుల సంగతి ఈవిడకెలా తెలిసిందా అనుకుంటూనే థాంక్స్ చెప్పి, ఇంకా ఏదీ ఖాయం కాలేదని కూడా విన్నవించుకున్నాను. పాపం, ఆల్ ద బెస్ట్ అంది.

తలుపు తీస్తే గదంతా ఎరుపు. గుండ్రటి మంచం, దానికి సరిగ్గా పైన సీలింగ్‌కి పెద్ద అద్దం, మూలన ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, గది మధ్యలో హార్ట్ ఆకారంలో ఒక ఎర్ర టబ్బు. కుక్కర్ వీటిలో దేన్నీ పట్టించుకోకుండా గదంతా కలియతిరిగి, స్టవ్ లేదురా అన్నాడు దిగాలుగా. గంజి పొంగితే కార్పెట్ మీద మరక పడుతుందని రైస్ కుక్కర్‌ని ఆ ఖాళీ టబ్బులో పెట్టి స్విచ్ వేశాడు. ఇద్దరం లుంగీల్లోకి మారాం. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని, మర్నాడు నవ్వాల్సిన నవ్వుని పైనున్న అద్దంలో ప్రాక్టీస్ చేయసాగాను.

అప్పుడే తలుపు కొట్టారు. అమ్మాయి వాళ్లింటికి ఫోన్ చేసి మోటల్ పేరు, రూమ్ నంబరుతో సహా చెప్పిన తెలివిగలవాణ్ని నేనే. ఊళ్లోకి వచ్చి మోటల్లో తిండేమిటని, మమ్మల్ని భోజనానికి తీసుకెళ్లడానికి అమ్మాయి బావగారు స్వయంగా వచ్చేశారు. కారులో ఒక్కతే కూర్చోవడం విసుగేసి, వెనకాలే అమ్మాయి.

బావగారు మంచం చూశారు. అద్దం చూశారు. లుంగీల్లో ఉన్న మా ఇద్దరినీ చూశారు. ‘మీరిద్దరూ ఎన్నాళ్ల నుంచి కలిసి ఉంటున్నారు?’ అని మెల్లగా అడిగారు.

‘మూడేండ్ల సంది సార్,’ అన్నాడు కుక్కర్, ఎంతో ప్రేమగా. ‘వీడు లేకుంటె నాకు అన్నం బుక్క దిగది.’

నా పెళ్లి అక్కడికక్కడే చెడిపోయిందని అర్థమై, నాకు ఏడుపొక్కటే తక్కువైంది. ఏదో ఒకటి చెప్పాలి కదా, ‘సూట్ అంటే స్టవ్ ఉంటుందనుకున్నామండీ’ అన్నాను. నిజమే చెప్పాను గానీ, నాకే నమ్మబుద్ధి కాలేదు.

అమ్మాయి మాత్రం ఆవిరి వస్తున్న వైపు నడిచి, టబ్బులోకి తొంగి చూసింది. ‘నిజమే బావా, అన్నం పొంగుతోంది’ అంది. అని, ఆ టబ్బు అంచు మీదే కూలబడి, కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఫోన్‌లో నేను ఎప్పుడూ వినని నవ్వు. కాసేపటికి బావగారు కూడా ఆపుకోలేకపోయారు. ఆ సాయంత్రం నలుగురం టబ్బు చుట్టూ కూర్చుని కాగితం ప్లేట్లలో ఆవకాయ అన్నం తిన్నాం. ఆదివారం చూపులకి ఇంక చూడ్డానికేం మిగల్లేదు.

ఇప్పుడు ఏ హోటల్‌కి వెళ్లినా మా ఆవిడ రిసెప్షన్ ముందు నిలబడి, ‘సూట్ తీసుకుందామా, వంట చేస్తారా?’ అని అడుగుతుంది, మొహంలో నవ్వు కనపడనీయకుండా. గదిలోకి వెళ్లి మంచం మీద వాలగానే నేను ఒకసారి పైకి చూస్తాను. లుంగీలో వెల్లకిలా పడుకుని, రేపటి కోసం నవ్వు నేర్చుకుంటున్న ఆ బక్క కుర్రాడు కనిపిస్తాడేమోనని. అక్కడ స్మోక్ అలారం తప్ప ఏమీ ఉండదు. అయినా దాన్ని చూసి ఒకసారి నవ్వి, అటు తిరిగి పడుకుంటాను.