గాజులో ఎర్ర అంకె

కెమెరా కొన్న మొదటి నెలలో తీసిన ఫొటోలను నాలుగు ఫోల్డర్లలో పెట్టుకున్నాను. రాళ్లు, పక్షులు, నీళ్లు, చేపలు. రాళ్లన్నీ గండికోట లోయవి. పక్షులు మైలవరం జలాశయం గట్టు మీద తీసినవి. వాటిలో సగానికి పైగా పక్షి ఎగిరిపోయాక మిగిలిన కొమ్మే ఉంది. నీళ్ల ఫోల్డరు ఖాళీ, ఆ నెల పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. నాలుగో ఫోల్డర్లో మాత్రం నాలుగు వందల పన్నెండు ఫొటోలున్నాయి. అవన్నీ ఒకే ఒక్క ఆదివారం, ప్రొద్దుటూరులో మా మేనమామ బట్టల అంగట్లో తీసినవి.

ఇడుపులపాయలో చదువు ముగించి, జమ్మలమడుగు దగ్గర ఒక సౌర విద్యుత్తు కేంద్రంలో ఉద్యోగంలో చేరాను. వారానికి రెండు రోజులు సెలవు. మా ఇల్లు పులివెందుల. ఇంటికి పోయేటప్పుడు ప్రొద్దుటూరు మీదుగా పోవడం ఆ ఏడాదే అలవాటైంది, ఎందుకంటే మామకు కిడ్నీలు చెడిపోయాయి. బుధవారం, శనివారం పొద్దున ఆస్పత్రిలో డయాలసిస్. పడకలో నాలుగు గంటలు కదలకుండా ఉండాలి. శనివారాలు ఆయన పక్కన నేను కూర్చునేవాణ్ణి.

"ఏమప్పా, పెద్ద కెమెరా కొంటివంట," అన్నాడు మొదటి శనివారం. "గండికోట రాళ్లు యాడికీ పోవులే. నా చేపల్ని తీసి చూపీ. వాటిని చూసి రెండు నెలలాయె."

గల్లాపెట్టె పక్కన ఆయనకొక చేపల తొట్టి ఉండేది. నాలుగు గోల్డ్ ఫిష్‌లు, మూడు నల్ల మోలీలు, రెండు ఏంజెల్ చేపలు. అన్నింటికన్నా పాతది తోక చిరిగిన గోల్డ్ ఫిష్. దాన్ని ఆయన ముసలిది అనేవాడు. మామకు పిల్లలు లేరు. చీర మీద చీర పరిచి చూపిస్తూనే, మధ్యమధ్యలో తల తిప్పి తొట్టి వైపు చూసుకునేవాడు. ఇప్పుడు అంగడి అత్త చూసుకుంటోంది. మామకు ఆస్పత్రి, ఇల్లు తప్ప మరో చోటు లేదు.

ఆదివారం అంగడి మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజే తాళం చెవులు తీసుకుని పోయాను. పోయేముందు మామ ఒక్క మాట చెప్పాడు. "పోతానే క్యాలెండర్ కాగితం చించు. పాత తేదీ గోడ మీద ఉంటే నాకు నచ్చదు." చించాను. ఎర్ర అంకె బయటికి వచ్చింది.

మొదటి ఇరవై ఫొటోలు చూసి, లోపాలు కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, గాజుకు లోపలి వైపు పచ్చటి పాచి. రెండు, నీళ్లలో మసక. మూడు, గాజులో ఎదుటి గోడ నీడ. మొదటిది బ్లేడుతో గీకితే పోయింది. రెండోదానికి కారణం వెతికితే ఫిల్టరు కనబడింది. దాని స్పాంజి నల్లగా, జిగటగా ఉంది. కొళాయి కింద పెట్టి, పిండి, మళ్లీ పిండి, కొన్న రోజున ఉన్న పసుపు రంగు వచ్చేదాకా కడిగాను. తొట్టిలోని నీళ్లు ముప్పాతిక వంతు తోడేసి, అదే కొళాయి నీళ్లు నింపాను. బ్లీచింగ్ వాసన కొద్దిగా వచ్చింది. నీళ్లు శుభ్రంగా ఉన్నాయనడానికి అది గుర్తనుకున్నాను. మూడో లోపానికి లెన్సు చుట్టూ నల్లబట్ట కట్టాలి. చుట్టూ బట్టలే ఉన్న అంగట్లో నల్లబట్ట వెతకడానికి బద్ధకించి, మొదటి రెండు చాలనుకున్నాను.

ఫొటోలు బాగా వచ్చాయి. ముసలిదాని పొలుసులు ఒక్కొక్కటి లెక్కపెట్టేంత స్పష్టంగా.

మంగళవారం అత్త ఫోన్ చేసింది. ఏంజెల్ చేపలు రెండూ పోయాయి. గురువారానికి మోలీలు, శుక్రవారానికి మూడు గోల్డ్ ఫిష్‌లు. నేను శనివారం పొద్దున్నే అంగడికి చేరేసరికి ముసలిది ఒక్కటే, ఒక పక్కకు ఒరిగి, నోరు పైకి పెట్టి ఉంది. గంటలో అదీ పోయింది.

ఏం జరిగిందో ఆ గంటలోనే, తొట్టి పక్కన నిలబడి ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. స్పాంజిలో ఉన్న ఆ జిగట మురికి కాదు. చేపల విసర్జన విషం కాకుండా దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. నేను వాటిని కొళాయి కింద కడిగి తూములోకి పంపాను. ఆ తర్వాత ఆ తొమ్మిది చేపలు తమ విషంలోనే తాము ఈదాయి. రక్తాన్ని కడగడానికి మామ వారానికి రెండుసార్లు పడుకునే చోటికి, ఆ సంగతి తెలిసిన బుర్రతో నేను పోవాల్సి వచ్చింది.

అత్తకు చెబుదామనే నోరు తెరిచాను. ఆమె అప్పటికే ముసలిదాన్ని కాగితంలో చుట్టి, కొక్కేనికి తగిలించిన మామ చొక్కా చుట్టూ మూడుసార్లు తిప్పుతోంది.

"ఏడుస్తాండావా ఏంది?" అంది. "ఏడవద్దు నాయనా. మీ మామకు వచ్చేది ఇవి తీస్కపోతాండాయి. బుధవారం రిపోర్టు చూసినావా? తగ్గింది. తొమ్మిదీ ఆయన కోసమే పోయినాయి."

రిపోర్టులో క్రియాటినిన్ నిజంగానే తగ్గింది. డయాలసిస్ అయిన వెంటనే తీసిన రక్తం కాబట్టి తగ్గింది. అది కూడా చెప్పలేదు.

"ఆయనకు మాత్రం ఇప్పుడే చెప్పద్దు. బీపీ ఎక్కువైతాది," అని మల్లెచెట్టు మొదట్లో పూడ్చడానికి ఇంటికి తీసుకుపోయింది.

అలా నాలుగు వందల పన్నెండు ఫొటోలు నాకు ఆధారమయ్యాయి. వారానికి ఎనిమిది చొప్పున విడదీసుకున్నాను. ఏ చేప ఏ వారం, ఏ మూల నుంచి తీసినది, అన్నీ చిన్న పట్టిక. ఒక వారం చూపించిన భంగిమ మరో వారం రాకూడదు. మామకు ఫోన్‌లో చిన్న బొమ్మలు నచ్చేవి కావు. కెమెరా వెనక తెరలోనే చూస్తానన్నాడు. బొమ్మను పెద్దది చేసే బటన్ నేర్పించాను. సూది లేని చేతి బొటనవేలితో నొక్కుతూ చాలాసేపు చూసేవాడు.

"ఇవి ఎప్పుడు తీసినావు?"

"పొద్దున్నే మామా. వచ్చేటప్పుడు అంగట్లో దిగి."

"ముసల్ది మేత తింటాందా?"

"తింటాంది."

పక్క పడకలో మైదుకూరు రైతు ఒకాయన ఉండేవాడు. "మీ మామ భార్య ఫొటో గూడ ఇంతసేపు చూడడు," అన్నాడు ఒకసారి. "భార్య దినామూ కనపడతాది గదప్పా, చేపలు కనపడవు," అన్నాడు మామ. నర్సు కూడా నవ్వింది. నేను కెమెరా బ్యాటరీ చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

నాలుగో వారం ఆయన ముసలిదాని మేత సంగతి అడగలేదు. బొమ్మను పెద్దది చేసి, పక్కకు జరిపి, మళ్లీ జరిపాడు. మామ బట్ట చూసే పద్ధతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నేతగాడు చీర తెచ్చిస్తే అందరూ నడుమ ఉన్న పువ్వు చూస్తారు. ఈయన ముందు అంచు పట్టుకునేవాడు. నేసినవాడి చేయి ఎక్కడ అలిసిందో అంచులో తెలుస్తుందనేవాడు. నా ఫొటోలను కూడా ఆయన అంచుల నుంచే చూస్తున్నాడని నాకు తట్టనే లేదు.

"ఇది ఏందప్పా?" అని తెర నా వైపు తిప్పాడు.

చేప వెనక, కుడి మూలలో, గాజులో ఎదుటి గోడ నీడ. క్యాలెండర్. అద్దంలో లాగా తిరగబడిన ఎర్ర అంకె.

"పోయిన వారం దాంట్లో గూడ ఇదే ఎర్ర అంకె. దానికి ముందర వారం గూడ ఇదే. ఈ పొద్దు శనివారం. నల్ల అంకె ఉండాల."

నేను కెమెరా తీసుకుని తెర ఆర్పేశాను.

"ఎన్ని మిగిలినాయి?"

"ఒకటీ లేదు మామా."

ఆయన గొట్టం వైపు చూశాడు. ఎర్రటి గొట్టం చేతిలోంచి బయలుదేరి యంత్రంలోకి పోతోంది. ఎట్లా పోయాయని అడిగాడు. పాచి, మసక, స్పాంజి, కొళాయి, వరుసగా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు, తిట్టలేదు.

"ఆ స్పాంజిని ఆరేండ్లుగా తొట్టి నీళ్లలోనే ముంచి తీసేటోణ్ణి," అన్నాడు చివరికి. "కొళాయి నీళ్లు డ్రమ్ములో రెండు దినాలు ఎండలో పెట్టి పోసేటోణ్ణి. కొత్త తొట్టిలో గూడ ఊరికే వెయ్యకూడదు చేపల్ని. నీళ్లు పండాల. నెల పడతాది. నువ్వు నన్ను అడిగింటే సరిపోయేది గదప్పా. నేను ఈడనే పండుకోనుంటి గదా."

"నా కిడ్నీని కొళాయి కింద పెట్టి కడిగినట్ల చేస్తివి," అని నవ్వడానికి ప్రయత్నించాడు. ఆ నవ్వు దగ్గులోకి పోయింది.

"అత్తకు నేను చెప్తాను మామా."

"చెప్పద్దు. ఆ యమ్మ నాకు వచ్చింది అవి మోస్కపోయినాయనుకుంటాంది. ఆ ధైర్యంతోనే తింటాంది, నిద్ర పోతాంది. నువ్వు కడిగి చంపినావని తెలిస్తే నా జబ్బు మళ్లీ నాకే వచ్చినట్లు అయితాది ఆమెకు. నేను పోయినాక గూడ చెప్పద్దు."

తల ఊపాను. నోటితో అనాలన్నాడు. "చెప్పను" అన్నాను.

తర్వాతి వారం నుంచి చేపలు అడగలేదు. పెన్నకు నీళ్లు వదిలారని విని, అవి తీసుకురమ్మన్నాడు. జమ్మలమడుగు వంతెన మీద నిలబడి ఇసుక తడుస్తుండగా తీశాను. లింగాల వైపు పోయి చీనీ బత్తాయి తోటల్లో పిచ్చుకలను తీశాను. ఒక్కొక్కటి చూపించే ముందు ఆయన అడిగేవాడు, "ఇది ఏ వారందప్పా?" మైదుకూరు రైతుకు ఆ హాస్యం అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం ప్రతిసారీ ఆ ఎర్ర అంకె గుర్తొచ్చేది. అయినా జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పేవన్నీ నిజాలే.

మామ వానాకాలం ముగియకముందే పోయాడు. డయాలసిస్ పడకలోనే గుండె ఆగింది. ఆ రోజు బుధవారం, నేను పనిలో ఉన్నాను.

పటం కట్టించడానికి ఒక మంచి ఫొటో కావాలని బంధువులు నన్నే అడిగారు. కెమెరా ఉన్నది నా దగ్గరే. ఫోల్డర్లన్నీ రెండుసార్లు వెతికాను. ఆ ఏడాది శనివారాలన్నీ ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించారు.

పదకొండో రోజు అయ్యాక అత్త అంగడి తెరిచింది. నన్ను పిలిచి తొట్టి చూపించింది. నీళ్లెప్పుడో తీసేశారు. స్పాంజి ఎండి అట్టలా ఉంది.

"తొమ్మిది చాలలేదు నాయనా," అంది. "ఇంకా నాలుగు ఉండింటే ఆయన నిలబడేటోడేమో. మీ అమ్మకు గూడ షుగర్ ఎక్కువైందంట గదా. ఈసారి ఇరవై తెచ్చేస్తాం. ఈ పొద్దే పోయి తెచ్చీ."

ఎండిన ఆ స్పాంజితో ఇరవై చేపలు వారం కూడా ఉండవు. అవి పోతే మా అమ్మ మీదికి వచ్చేది అవే తీసుకుపోయాయని ఆమె మూడుసార్లు తిప్పి మల్లెచెట్టు కింద పూడుస్తుంది. ఆ తర్వాత మరో ఇరవై.

"ఒక నెల ఆగల్ల అత్తా," అన్నాను. "నీళ్లు పండాల."

"పండేదేంది? ఎవరు చెప్పినారు?"

"మామ చెప్పినాడు."

"ఎప్పుడు చెప్పినాడు?"

"ఆస్పత్రిలో. ఒక శనివారం."

ఇంకేమన్నా చెప్పినాడా అని అడిగింది. లేదన్నాను. మామ నీళ్లు ఎండలో పెట్టే డ్రమ్మును అంగడి వెనక పెరట్లోకి దొర్లించి, కొళాయి కింద పెట్టి, నిండేదాకా పక్కనే నిలబడ్డాను.