పూచీ కాగితానికి ముగ్గురు తల్లులు

నా డిగ్రీ పూర్తయింది ఒక అబద్ధం పుణ్యాన.

బోధన్‌లో ఆఖరి సంవత్సరం హాజరు తక్కువ పడింది. పొద్దంతా బీడీలు చుడితే తప్ప గది కిరాయి వెళ్లేది కాదు మరి. "మీ అమ్మనో బాపునో తోలుకరా. పూచీ కాగితం మీద సంతకం పెడితెనే హాల్‌టికెట్," అన్నారు ప్రిన్సిపాల్ సారు. నాకు ఇద్దరూ లేరు. అది చెప్పడానికి నామోషీ వేసి, "రేపు మా అమ్మ వస్తది సార్," అనేశాను.

చిన్నప్పుడు నిజామాబాద్ బాలసదనం నుంచి నన్ను ఒకరు "సాదుకుంటం, చదివిస్తం" అని ఇంటికి తీసుకెళ్లారు. చదువు సంగతి దేవుడెరుగు, నాలుగేళ్లు బీడీల చాట ముందు నుంచి లేవనివ్వలేదు. మళ్లీ సదనానికి చేరేసరికి, మనుషుల మాట నమ్మకూడదన్నది మాత్రం బాగా వంటబట్టింది.

అందుకే ఒకరిని అడిగి ఊరుకోలేదు. గది కిరాయికిచ్చిన అవ్వను అమ్మగా రమ్మని అడిగితే, "సూద్దాం తీ బిడ్డా," అంది. ఆ 'సూద్దాం' మీద గురి కుదరక, సదనంలో వంటచేసే అక్కకు ఫోన్ చేశాను. "బస్సు దొరికితె వస్త," అంది. అదీ చాలదనిపించి, అంగట్లో నాకోసం ఆకుకూర దాచిపెట్టే మరాఠీ బాయిని బతిమాలాను. ఆమె తల ఊపింది. అర్థమయ్యే ఊపిందో లేదో తెలియదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గది ముందు ముగ్గురూ ఉన్నారు. అవ్వ పెళ్లికి పోయినట్టు పట్టుచీర కట్టింది. చెరకు లారీల వెనక బస్సు ఆగిపోతే అక్క దిగి నడిచొచ్చింది. బాయి కొత్తిమీర గంపతోనే వచ్చేసింది. ఎవరూ రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించుకున్నాను గానీ, అందరూ వస్తే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

"పిల్ల తల్లి ఎవరు?" అన్నారు సారు.

"నేనే," అన్నారు అవ్వా, అక్కా. బాయి అదే మాట మరాఠీలో అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చి, ఉన్నదంతా చెప్పేశాను. సారు కాగితం ముందుకు జరిపి, "ముగ్గురూ పెట్టుండ్రి," అన్నారు. అక్క సంతకం చేసింది, మిగతా ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

హాల్‌టికెట్ చేతికొచ్చి బయటపడగానే అవ్వ నా మీద విరుచుకుపడింది.

"నేను వస్తనని నమ్మలేదా? గామెను గంత దూరం నడిపిస్తివి. నేనుండంగ గీళ్లకెందుకే తిప్పలు?"

"తప్పయింది అవ్వా," అన్నాను. అంత సంతోషంగా తప్పు ఒప్పుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.