జిప్పోరా సిస్టర్ పని పంచిన రోజు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ నాలుగంతస్తుల ప్రైవేటు దవాఖానలో మూడో అంతస్తు జిప్పోరా సిస్టర్‌ది. కాగితాల మీద కాదు గానీ, కాగితాలు ఎవరు చూడొచ్చారు? మెదక్‌లో నర్సింగ్ చదువుకుని వచ్చి ఇరవై ఆరేళ్లయింది. వార్డు ఇన్‌చార్జి అయి పదకొండేళ్లు. ఆమె కింద ఆరుగురు నర్సులున్నారు. ఉన్నారంటే ఉన్నారు, అంతే. మందులు ఆమే పంచేది, బీపీ ఆమే చూసేది, సెలైన్ ఆమే మార్చేది. ఆరుగురూ ఆమె వెనక నడుస్తూ "ఔ సిస్టర్" అనేవారు. దాన్ని ఆమె క్రమశిక్షణ అనుకునేది.

ఆ ఆరుగురిలో సాయిసుధ ఒకతె. చదువులో బంగారు పతకం, చేతిలో మూడేళ్ల అనుభవం. అయినా ఇన్సులిన్ సీసా దగ్గరికి ఆమెను జిప్పోరా రానిచ్చేది కాదు.

"నాకిస్తే నేను చేస్త కద సిస్టర్" అని సుధ ఓసారి అడిగింది.

"నువ్వు చేసింది మళ్ల నేను చూసుకోవాలె. గదేదో నేనే చేస్తే ఒక్కసారితోని అయిపోతది" అంది జిప్పోరా. లెక్క సరిగానే ఉంది. మనిషికి రెండు చేతులే ఉంటాయన్న సంగతి ఒక్కటే అందులోకి రాలేదు.

ఈలోగా యాజమాన్యానికి నాణ్యత మీద ప్రేమ పుట్టింది. నాణ్యత గుర్తింపు పత్రం గోడకు వేలాడదీయాలని నిర్ణయం జరిగింది. దానికి ముందు ఇన్‌చార్జి నర్సులందరికీ ఆబిడ్స్‌లో ఒక హోటల్లో రెండు రోజుల శిక్షణ పెట్టారు. చల్లటి హాలు, తెర మీద పెద్ద అక్షరాలు: 'రోగి ముందు, మిగతావన్నీ తర్వాత. తగిన పని తగిన మనిషికి అప్పగించండి.' చెప్పినాయనకు వార్డు అనుభవం బాగానే ఉందట. అపెండిక్స్ తీయించుకున్నప్పుడు నాలుగు రోజులు పడుకున్నాడట. దవాఖాన అడ్మినిస్ట్రేటర్ విద్యాసాగర్ ముందు వరసలో కూర్చుని ప్రతి మాటా రాసుకున్నాడు. చివరికి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చి, గ్రూపు ఫొటో తీసి, నాయకత్వం వచ్చేసిందని పంపించేశారు.

ఆ పత్రం ఇచ్చే తనిఖీ బృందం వచ్చే రోజు రానే వచ్చింది. ఉదయం ఎనిమిదిన్నరకల్లా ఇన్‌చార్జి సిస్టర్లంతా కొత్త యూనిఫారాల్లో, చేతిలో పూలగుచ్ఛాలతో గేటు దగ్గర వరసగా నిలబడాలని విద్యాసాగర్ ఉత్తర్వు వేశాడు. రోగి ముందు అన్న మాట ఆ ఉత్తర్వు కిందే, ముద్ర పక్కన అందంగా అచ్చయి ఉంది.

జిప్పోరా వార్డులో ఆ రోజు షుగర్ పేషెంట్లు ఐదుగురు. టిఫిన్ బండి వచ్చాకే వాళ్లకు ఇన్సులిన్ ఇవ్వాలి. ఎనిమిదింబావు అయినా బండి రాలేదు. సుధకు అప్పగించి వెళితే సరిపోయేది. "పది నిమిషాల్ల వస్తది కదా" అనుకుని ఐదుగురికీ తానే గబగబా సూదులిచ్చేసింది. సుధకు ఫైళ్ల మీద లేబుళ్లు అంటించే పని చెప్పి కిందికి దిగింది.

పది నిమిషాల్లో బండి రాలేదు. క్యాంటీన్ వంటాయన తనిఖీ వాళ్ల కోసం పుచ్చకాయను హంసగా చెక్కుతున్నాడు. మెడ దగ్గర చాలా జాగ్రత్త కావాలట.

తనిఖీ వాళ్ల కారు ఖైరతాబాద్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంది. తొమ్మిదైనా గేటు దగ్గర వరస అలాగే ఉంది. జిప్పోరా ఫోన్ మోగింది.

"సిస్టర్, పన్నెండో బెడ్ వెంకటేశ్వర్లు గారికి చెమటలు పడుతున్నయ్, మాట తడబడుతున్నది" అంది సుధ. గొంతు వణకలేదు. "షుగర్ నలభై ఆరుంది. డ్యూటీ డాక్టర్‌ను పిలిచిన, గ్లూకోజ్ ఎక్కిస్తున్న. టిఫిన్ ఇంకా రాలే."

జిప్పోరా ఫోన్ పెట్టేసింది. మిగతా నలుగురికీ సూది పడే ఉంది. ఆమె వరసలోంచి కదలగానే విద్యాసాగర్ అడ్డొచ్చాడు.

"సిస్టర్, ప్లీజ్, ఇప్పుడు కదలొద్దు. కారు వచ్చేస్తోంది. పైన స్టాఫ్ ఉన్నారు కదా, డెలిగేట్ చెయ్యండి."

"మంచిమాట చెప్పిన్రు సార్" అని జిప్పోరా తన పూలగుచ్ఛం ఆయన చేతుల్లో పెట్టింది. "గిది పట్టుకోనీకి నర్సింగ్ చదువు అక్కర్లేదు. మీరు చెయ్యగలరు."

పక్కనే కోటు, టై వేసుకుని మార్కెటింగ్ భానుతేజ నిలబడి ఉన్నాడు. "భానూ, నువ్వు క్యాంటీన్‌కు ఉరుకు. మూడో అంతస్తుకు ఇడ్లీలు, ఇప్పుడే. హంస మెడ ఇరిగినా ఫికర్ లేదు."

లిఫ్టును తనిఖీ వాళ్ల కోసం ఆపి ఉంచారు కాబట్టి ఆమె మెట్లెక్కింది. పైన సుధ వెంకటేశ్వర్లు చేతి నరంలోకి గ్లూకోజ్ నెమ్మదిగా ఎక్కిస్తోంది. డాక్టర్ పక్కనే ఉన్నాడు. జిప్పోరా చేతులు వాటంతటవే ముందుకు సాగాయి. "జరుగు, నేను చేస్త" అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది.

సుధ తల ఎత్తకుండానే అంది: "గీడ నేను చూసుకుంట సిస్టర్. మీరు ఆ నలుగురి షుగర్లు చూడున్రి."

పదకొండేళ్లలో ఆ అంతస్తులో జిప్పోరాకు పని చెప్పినవాళ్లు లేరు. ఒక్క క్షణం కోపమొచ్చింది. మరుక్షణం షుగర్ మిషన్ తీసుకుని వెళ్లింది. ఇద్దరికి అప్పటికే తగ్గుతోంది. ఆయా యాదవ్వ చక్కెర నీళ్లు కలిపి తెచ్చింది, తాగించారు. అంతలో భానుతేజ టై భుజం మీద వేసుకుని, కోటు మీద సాంబారుతో, బండి తోసుకుంటూ వచ్చాడు.

వెంకటేశ్వర్లు కాసేపటికి తేరుకుని ఇడ్లీ ఏదని అడిగాడు. ఆయన భార్య శేషారత్నం కళ్లు తుడుచుకుంటూ జిప్పోరా దగ్గరికి వచ్చింది.

"ఏమైందమ్మా ఆయనకి? పొద్దున బానే ఉన్నారుగా?"

షుగర్ ఉన్నవాళ్లకు అప్పుడప్పుడు ఇలా అవుతుంటుందని చెప్పొచ్చు. దవాఖానల్లో అంతకంటే సుఖమైన వాక్యం లేదు.

"తప్పు నాదమ్మా. తిండి రాకముందే సూది ఇచ్చి కిందికి పోయిన."

"కిందికెందుకు వెళ్లారు?"

"పూలు పట్టుకోనీకి."

శేషారత్నం ఆమెను అలాగే చూసి, మొగుడి మంచం దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని జిప్పోరాకు అనిపించింది. కూర్చుని, జరిగిన పొరపాటును రిపోర్టులో తన పేరుతోనే రాసింది.

తనిఖీ బృందం పైకి వచ్చేసరికి కోటు వేసుకున్న మనిషి ఒకాయన మంచం మంచానికీ సాంబారు వడ్డిస్తున్నాడు. బృందం పెద్దావిడ అతన్ని ఏ విభాగమని అడిగింది. "మార్కెటింగ్ మేడమ్" అన్నాడు. ఆవిడ చాలాసేపు రాసుకుంది. జిప్పోరా రిపోర్టు కూడా అడిగి చదివింది. వెనక రెండు పూలగుచ్ఛాలతో విద్యాసాగర్ నిలబడి ఉన్నాడు.

మర్నాడే జిప్పోరాకు మెమో వచ్చింది. ఇన్సులిన్ గురించి కాదు, అనుమతి లేకుండా స్వాగత విధుల నుంచి తప్పుకున్నందుకు. ఆమె రెండు ముక్కల్లో జవాబు రాసింది: 'రోగి ముందు, మిగతావన్నీ తర్వాత. ఆబిడ్స్‌లో మీ వెనక వరసలో కూర్చుని నేర్చుకున్నాను.'

నెలకు తనిఖీ ఫలితం వచ్చింది. ఇన్సులిన్‌కూ భోజనానికీ వేళలు సరిచేసుకోమన్నారు. పొరపాటును దాచకుండా రాసినందుకూ, రోగి సేవలో ఇతర విభాగాలు పాలుపంచుకున్నందుకూ మెచ్చుకున్నారు. మెమో ఫైల్లోంచి మాయమైంది. విద్యాసాగర్ మీటింగు పెట్టి, అన్ని విభాగాలూ ఒకే కుటుంబంలా పనిచేయాలన్నది మొదటి నుంచీ తన ఆలోచనేనని వివరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భానుతేజ కొంచెం తక్కువ కొట్టాడు.

ఇన్సులిన్ పని సుధకు వెళ్లింది. ప్లేటు మంచం దగ్గరికి వచ్చాకే ఆమె సూది తీస్తుంది. మొదటి వారమంతా జిప్పోరా ఆమె వెనకే నిలబడింది.

"సిస్టర్, మీ నీడ పడుతున్నది. సిరంజి మీద గీతలు కనబడ్తలేవు" అని సుధ అన్నాక రెండడుగులు వెనక్కి జరిగింది. తర్వాత నర్సుల గది దాకా. మరో నెలకు, ఇన్నేళ్లలో మొదటిసారి, ఒంట్లో బాగానే ఉండగా సెలవు పెట్టింది.

ఆ రోజు సుల్తాన్ బజార్‌కు వెళ్లి కర్టెన్ గుడ్డలు చూసింది. మధ్యాహ్నం దాకా ఒక్క ఫోనూ రాలేదు. సిగ్నల్ ఉందో లేదోనని రెండుసార్లు చూసుకుని, ఆఖరికి తానే చేసింది.

"అంత మంచిగనే ఉంది సిస్టర్" అంది సుధ.

"నన్ను ఎవరన్న అడిగిన్రా?"

"లే సిస్టర్."

"మంచిది, చాలా మంచిది" అని జిప్పోరా ఫోన్ పెట్టేసింది. ఆ పూటంతా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.